ఎకరం నిమ్మతోట ప్యాకేజీ: శిక్షణకు మంచి మార్కులు, ఒప్పందానికి కావు

నెల్లూరు మెట్టలోని పొదలకూరు, రాపూరు, కలువాయి వైపు ఇప్పుడు అమ్మకానికి వస్తున్నది ఒట్టి పొలం కాదు, ప్యాకేజీ. ఎకరం భూమి, అందులో 160 నిమ్మ మొక్కలు, డ్రిప్పు, చుట్టూ కంచె, గట్ల మీద ఎర్రచందనం. ఐదేళ్లు సాగు కంపెనీదే. మూడో ఏటి నుంచి రాబడిలో సగం కొన్నవాళ్లకి. దీనికి తోడు రెండు రోజుల నిమ్మ సాగు శిక్షణ, చివర ఒక సర్టిఫికెట్. కొనేవాళ్లలో నెల్లూరు, ఒంగోలులో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లున్నారు, బెంగళూరు, చెన్నైలో పనిచేసే పిల్లలున్నారు. సొంతూరి దగ్గర నాలుగు చెట్లుండాలి, వాటి మీద నాలుగు రూపాయలు రావాలి అనుకోవడంలో తప్పేమీ లేదు. అలా అనుకునేవాళ్ల కోసమే ఈ సమీక్ష. కంపెనీ పేరు రాయడం లేదు. బ్రోషరు మీద పేరు మారినా లోపలి షరతులు కొంచెం అటూ ఇటూగా ఇవే.

ముందుగా మార్కులు: శిక్షణకు 5కి 4, మొక్కలకూ డ్రిప్పుకూ 3, ఒప్పందానికి 1. శిక్షణలో నేర్పిన విద్యనే పట్టుకుని ఒప్పందాన్ని చదివితే అందులోని లోపాలు ఒక్కొక్కటే బయటపడతాయి. కాబట్టి సంతకానికి ముందు శిక్షణకు వెళ్లండి. డబ్బు కట్టినవాళ్లకే శిక్షణ అంటే అక్కడే ఆగండి.

రెండు రోజులూ తోటలోనే గడపడం ఈ శిక్షణకు బలం. తెర మీద బొమ్మలు చూపించి భోజనం పెట్టి పంపే రకం కాదు. మొదటి రోజు పొద్దున్నే 3 అడుగుల గుంట తవ్వించి మట్టిని అడుగు అడుగుకూ విడివిడిగా తీయిస్తారు. పండ్లతోటకు మట్టి నమూనా తీసే పద్ధతి ఇదే: మూడు అడుగులకు మూడు సంచులు. వరికీ వేరుశనగకూ తీసినట్టు పైన జానెడు మట్టి గోకి ల్యాబుకిస్తే కింద ఏముందో తెలియదు. పైన ఎర్రచల్కా, రెండో అడుగులో తెల్లటి సున్నపు గుల్లలు ఉన్న పొలాలు ఈ మెట్ట ప్రాంతంలో ఉంటాయి. అలాంటి చోట మొక్క రెండేళ్లు కళకళలాడుతుంది. వేరు గుల్లల్లోకి దిగాక ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము, జింకు మట్టిలో ఉన్నా సున్నం వాటిని వేరుకు అందనివ్వదు. మందు కొట్టిన నెల బాగుంటుంది, కొత్త చిగురు మళ్లీ పసుపే. ఉదజని సూచిక (పీహెచ్) 6.5 నుంచి 7.5 మధ్య ఉండాలి, లవణాల సూచిక (ల్యాబు కాగితంలో ఇ.సి.) 1 దాటకూడదు, సున్నం 10 శాతం మించకూడదు. తవ్విన గుంట నిండా సాయంత్రం నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూడటం కూడా నేర్పుతారు. అప్పటికీ నీళ్లు నిలిచి ఉంటే ఆ చోట నిమ్మ వద్దు.

మొక్కను ఎంచుకునే పాఠమూ బాగుంది. నిమ్మ గింజ ఒకటి నాటితే రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలావరకు తల్లి చెట్టు పోలికే. అందుకే గింజ మొక్కతో వేసిన తోటలు కూడా ఒకే తీరుగా కాస్తాయి. నర్సరీవాడు మిగతావాటికి భిన్నంగా, గిడసబారి పెరిగిన మొలకల్ని ఏరి పారేశాడా లేదా అన్నదే ప్రశ్న. కొనేముందు ఒక సంచి కోయించి చూడాలి. వేరు సంచి అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క నేలలో కూడా అలాగే చుట్టుకుంటుంది, ఐదారేళ్లకు గాలివానకు ఒరుగుతుంది. ఆకు మీద పసుపు అంచుతో గరుకు మచ్చలుంటే అది గజ్జి, తోటలోకి మనమే మోసుకెళ్లినట్టు. అంటు మొక్కయితే అంటు కట్టిన చోటు నేలకు జానెడు ఎత్తున ఉండాలి, నాటాక మట్టిలో పూడిపోకూడదు. గజ్జిని కొంత తట్టుకునే బాలాజీ రకమని బ్రోషరులో రాశారు. అలాగైతే ఏ నర్సరీ నుంచి ఎన్ని తెచ్చారో బిల్లు చూపించమనండి.

రెండో రోజు బోర్డో పేస్టు, అంటే బంక తెగులుకు కాండం మీద పూసే మైలుతుత్తం, సున్నం మందు. మొత్తం శిక్షణలో ఇదే విలువైన గంట. కిలో మైలుతుత్తాన్ని గుడ్డలో కట్టి 5 లీటర్ల నీళ్లలో రాత్రంతా వేలాడదీస్తారు, పొద్దుటికి కరిగిపోతుంది. వేరే బకెట్లో కిలో రాతిసున్నాన్ని 5 లీటర్ల నీళ్లతో చంపుతారు. రెండూ ప్లాస్టిక్ బకెట్లే, ఇనుము తగలకూడదు. సున్నం చల్లారాక వడగట్టి, కట్టెతో కలుపుతూ తుత్తపు నీళ్లు సన్నధారగా పోస్తే ఆకాశం రంగులో చిక్కటి పేస్టు వస్తుంది. అప్పుడు మెరిసే ఇనుప చాకును నిమిషంసేపు ముంచి తీస్తారు. చాకు మీద ఎర్రటి పూత పడితే రాగి ఇంకా స్వేచ్ఛగా ఉన్నట్టే, అది బెరడును కాల్చేస్తుంది. ఇంకొంచెం సున్నపు తేట పోసి మళ్లీ ముంచాలి. చాకు ముంచినట్టే తెల్లగా వచ్చేదాకా ఈ పని. కలిపిన రోజే పూసేయాలి. కాండానికి నేల నుంచి 2, 3 అడుగుల ఎత్తు వరకు, వానలకు ముందొకసారి, వానలు వెలిశాక ఒకసారి. బంక కారుతున్న చోట ముందు చాకుతో గోకి, చెడిన బెరడు తీసి, పచ్చి బెరడు కనిపించాక పూయాలి. బంక పైనే పూస్తే పని జరగదు. ఈ తెగులు నేలలోంచి నీటి వెంట వస్తుంది కాబట్టే పాదు రెండు కట్టలుగా వేస్తారు, లోపలి చిన్న కట్ట కాండానికి తడి తగలకుండా కాపాడుతుంది. ఇవన్నీ చేతులతో చేయించి నేర్పడం మెచ్చుకోదగ్గ పని.

ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే, నిమ్మలో డబ్బు ఎక్కడుందో ఆ మూడు సంగతులూ శిక్షణలో లేవు: నీటి కొలత, వేసవి కాపు, మార్కెట్ యార్డులో అమ్మకం. ఒప్పందం కూడా సరిగ్గా ఈ మూడింటి దగ్గరే మౌనంగా ఉంది.

నీటి లెక్క చిన్నదే. బోరు నీళ్లు 20 లీటర్ల బకెట్లో పట్టి గడియారం చూడండి. 18 సెకన్లలో నిండితే గంటకు 4,000 లీటర్లు. ఎదిగిన నిమ్మ చెట్టుకు మే నెలలో రోజుకు 100 లీటర్లు అనుకుంటే 160 చెట్లకు 16,000 లీటర్లు. అంటే ఒక్క ఎకరానికే మోటారు 4 గంటలు ఆడాలి. వ్యవసాయ కరెంటు 9 గంటలు. ఆ బోరు రెండెకరాలకు వస్తుంది, అంతే. ప్యాకేజీలో ఒక బోరు కింద ఆరు యూనిట్లు, అంటే ఆరు ఎకరాలు చూపిస్తున్నారు. ఆరింటికి రోజుకు 96,000 లీటర్లు, మోటారు 24 గంటలు ఆడినా సరిగ్గా సరిపోతుంది, 9 గంటల్లో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ వస్తుంది. మొక్క చిన్నగా ఉన్న మూడేళ్లూ ఈ లోటు కనపడదు. కాపుకొచ్చే ఏడే కనపడుతుంది. పైగా తోట చూపించేది కార్తీకంలో, ఈశాన్య రుతుపవనం కురిసి బోర్లన్నీ నిండుగా పోసేటప్పుడు. బకెట్ లెక్క మే నెలాఖరులో వేయాలి. ఆ నీటి లవణాల పరీక్ష కూడా అప్పుడే చేయించాలి, నీళ్లు తగ్గేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. నిమ్మ ఉప్పును ఓర్చుకునే చెట్టు కాదు, ఆకు కొస మాడటంతో మొదలై కొమ్మ ఎండటం దాకా పోతుంది.

డ్రిప్పు సంగతి. పైపులు, ఫిల్టరు మంచి కంపెనీవే. కానీ చెట్టుకు ఒకే డ్రిప్పరు ఇచ్చారు, అదీ మొదట్లోనే. చెట్టు ఎదిగేకొద్దీ డ్రిప్పర్లు కాండానికి దూరంగా జరగాలి, నాలుగో ఏటికి గొడుగు అంచున నాలుగు ఉండాలి. ఆ ఖర్చు ఎవరిదో రాయలేదు. ఇంకొకటి, చిన్న సన్నకారు రైతుకు సూక్ష్మసేద్యం పథకంలో 90 శాతం రాయితీ ఉంది. భూమి మీ పేరున ఉన్నాక ఆ దరఖాస్తు మీ పేరున పోవాలి. ప్యాకేజీ ధరలో డ్రిప్పు మొత్తం ఖరీదు కట్టించుకుని రాయితీ ఎవరి ఖాతాలో పడుతుందో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఎకరానికి 160 మొక్కలంటే చెట్టుకు 25 చదరపు మీటర్లు, 5 మీటర్లకు ఒకటి. నిమ్మకు సిఫారసు 6 మీటర్ల దూరం, ఎకరానికి 110 చిల్లర. దగ్గరగా వేస్తే మొదటి కాపుల్లో కాయ ఎక్కువే కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్లకు కొమ్మలు కలిసిపోతాయి. లోపలికి ఎండ పోదు, ఎండుపుల్ల పెరుగుతుంది, గజ్జి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వాన తుంపరతోనే పాకుతుంది, ముళ్లకు భయపడి కూలీలు లోపలికి దూరరు, చాటున పండిన కాయ అక్కడే రాలిపోతుంది. కంపెనీ బాధ్యత ఐదేళ్లు. చిక్కు మొదలయ్యేది వాళ్లు వెళ్లిపోయాక. మీరు 6 మీటర్ల దూరమే అడగండి, 110 మొక్కలు చాలు.

మూడో ఏటి నుంచి రాబడి అన్న మాట మీద కూడా ఆగాలి. గింజ మొక్క నాలుగో ఏట పూత చూపిస్తుంది, లెక్కలోకి వచ్చే కాయ ఐదో ఏటి నుంచి, నిండు కాపు ఏడు, ఎనిమిదేళ్లకు. అంటు మొక్క ఒక ఏడాది ముందు రావచ్చు. మూడో ఏట పడే పిందెను తుంచేయడమే చెట్టుకు మేలు. ఈలోగా మొక్కల మధ్య వేరుశనగ, అలసంద, పుచ్చ లాంటి అంతర పంట వేసుకోవచ్చు, మొదటి మూడేళ్లు తోటలో నిజంగా వచ్చే డబ్బు అదే. ఒప్పందంలో ఆ పంట ఎవరిదో ఒక్క మాట లేదు. వంగ, టమాటా వేయనివ్వకండి. వాటితో నేలలో నులిపురుగుల బెడద పెరుగుతుంది.

బ్రోషరులో దిగుబడి 8 టన్నులు, కిలో 50 రూపాయలు, ఎకరానికి 4 లక్షలు. 8 టన్నులు అసాధ్యమేమీ కాదు. చెట్టుకు 1,000 కాయలు, కిలోకు 20 అనుకుంటే చెట్టుకు 50 కిలోలు, 160 చెట్లకు 8 టన్నులే. తప్పు ధర దగ్గర ఉంది. 2022 వేసవిలో చిల్లర ధర కిలో 200 దాటింది, అందరికీ అదే గుర్తు. అదే నిమ్మ వానాకాలంలో కోత కూలి కూడా రాని ధరకు పడిపోతుంది. చెట్టును దాని మానాన వదిలేస్తే కాయలో ఎక్కువ భాగం ఆ చవక నెలల్లోనే వస్తుంది. ఎంత కాయ కాసిందన్నది కాదు, మార్చి నుంచి మే లోపల ఎంత కోశారన్నదే నిమ్మ రైతు అడిగే ప్రశ్న. లెక్క కోసం ఇలా చూడండి: 110 చెట్ల తోట, 5,500 కిలోలు. అందులో 15 శాతం, అంటే 825 కిలోలు వేసవిలో వచ్చి 60 రూపాయలు పలికితే 49,500. మిగతా 4,675 కిలోలకు 12 రూపాయల చొప్పున 56,100. కలిపి 1,05,600, ఇంకా కోత కూలీ, బాడుగ, కమీషను, హమాలీ, తరుగు పోవాలి. వేసవి వాటాను 40 శాతానికి తేగలిగితే అవే చెట్లు, అవే ధరల్లో 1,71,600. ధరలు ఏటేటా మారతాయి, పోలిక మారదు. ఆ 25 శాతం తేడా తెచ్చేది పనితనం, దాన్నే వేసవి కాపు పట్టడం అంటారు.

దీనికి కొంచెం ఎక్కువ చోటు ఇవ్వాలి. నిమ్మ ఏడాదిలో మూడుసార్లు పూస్తుంది: జూన్, జూలైలో, సెప్టెంబరు, అక్టోబరులో, జనవరి, ఫిబ్రవరిలో. పూత నుంచి కోతకు ఐదారు నెలలు. కాబట్టి వేసవి కాయ కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు పూత నిలబడాలి. దానికి ముందు చెట్టుకు నీళ్లు ఆపి బెట్టకు వదలాలి. తేలిక నేలలో మూడు వారాలు, బరువు నేలలో నెల పైన. ఆకు ముడుచుకుని పావు వంతు రాలేదాకా చూసి, పాదులు తవ్వి, ఎరువు వేసి, మొదటి తడి తేలిగ్గా, రెండోది నిండుగా ఇవ్వాలి. ఒక్కసారిగా నింపితే పూత బదులు చిగురు తోస్తుంది. మనకున్న ఇబ్బంది వాన. నెల్లూరులో పెద్ద వానలు అక్టోబరు, నవంబరులోనే. బెట్ట సెప్టెంబరులో పూర్తి కాకపోతే అక్టోబరు వాన దాన్ని చెడగొడుతుంది, పూత మీద కురిస్తే రాల్చేస్తుంది. అందుకే బెట్టతో పాటు మందుల సాయం తీసుకుంటారు. జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం 50 పీపీఎం, అంటే 100 లీటర్ల నీటికి 5 గ్రాములు, ముందు కొద్దిగా స్పిరిటులో కరిగించి కలపాలి. ఇది ఆ సీజను పూతను తగ్గించి చెట్టు బలాన్ని దాస్తుంది. సెప్టెంబరులో సైకోసెల్ 1,000 పీపీఎం, 50 శాతం మందయితే లీటరుకు 2 మి.లీ., ఇది చిగురును ఆపుతుంది. అక్టోబరులో పొటాషియం నైట్రేటు 1 శాతం, లీటరుకు 10 గ్రాములు, ఇది పూతను తోస్తుంది. మూడూ వరసగా జరగాలి. జూన్ మందు మానేసి సెప్టెంబరుది ఒక్కటే కొడితే అప్పటికే కొమ్మ నిండా కాయ ఉంటుంది, కొత్త పూతకు చోటుండదు. ఐదేళ్ల లోపు చెట్లకు, బంక పట్టి నీరసించిన చెట్లకు ఈ పని చేయకూడదు.

ఇప్పుడు ఒప్పందం తీయండి. నిర్వహణ అన్న చోట దున్నకం, ఎరువు, మందు, కాపలా ఉన్నాయి. వేసవి కాపు పట్టే బాధ్యత లేదు. రాబడిలో సగం అన్న చోట ఏ రాబడో లేదు. యార్డులో పలికిన ధరా, కమీషను, తరుగు పోగా మిగిలిందా, లేక కంపెనీ తానే కొనుక్కుని తాను వేసిన ధరా? తోటను ఏడాదికి గుత్తకిచ్చేస్తే ఆ గుత్త డబ్బులో సగమా? వాటా లెక్క అమ్మకం బిల్లుల మీద జరగాలని, ప్రతి కోతకూ తేదీ, బరువు, ధర ఉన్న బిల్లు నకలు మీకు ఇవ్వాలని రాయించాలి. గుత్తకిస్తే మీ సంతకం ఉండాలి. చచ్చిన మొక్కల బదులు కొత్తవి నాటడం మొదటి ఏడాదికే అన్నారు, మూడేళ్లకు మార్పించండి. ఐదో ఏడు చివర అప్పగించేటప్పుడు బతికున్న చెట్లెన్ని, బంక పట్టినవెన్ని, మోటారు, డ్రిప్పు నడుస్తున్నాయా అన్న పంచనామా కలిపి చేయాలి. అన్నిటికంటే ముఖ్యం, కంపెనీతో సాగు ఒప్పందాన్ని అమ్మకం దస్తావేజు నుంచి విడదీయాలి. సాగు నచ్చకపోతే ఏడాది నోటీసుతో మాన్పించే హక్కు మీకుండాలి. ఇప్పుడున్న కాగితంలో ఆ హక్కు కంపెనీకే ఉంది.

భూమి కాగితాల్లో చూడాల్సినవి తెలిసినవే, అయినా ఆదరాబాదరాలో వదిలేసేవీ అవే. అమ్మేవాళ్ల పేరు రెవెన్యూ రికార్డులైన 1-బిలో, అడంగల్‌లో ఉందా, ఈసీలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే లావాదేవీల పత్రంలో) తాకట్టు ఉందా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుతో పాటు కొత్త ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబరు కూడా సరిచూడాలి. మెట్ట ప్రాంతంలో డీకేటీ పట్టాలు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు ఎక్కువ. అసైన్డ్ భూముల బదిలీకి 1977 చట్టం పెట్టిన అడ్డంకులున్నాయి, తహసీల్దారు కార్యాలయంలో ఆ భూమి స్వభావం రాతపూర్వకంగా తెలుసుకోకుండా బయానా ఇవ్వకండి. 20 ఎకరాలకు ఒకే కంచె వేసి మీ ఎకరం ‘ఈ వైపు’ అంటే కుదరదు, నాలుగు మూలలా రాళ్లు పాతించి కొలతలతో రిజిస్టరు చేయించుకోవాలి.

భూమి మీ పేరున కాకుండా ‘వాటా’, ‘యూనిట్ సర్టిఫికెట్’ అంటే అది వేరే సరుకు. పదిమంది డబ్బు ఒకచోట చేర్చి, లాభం వస్తుందని చెప్పి, రోజువారీ నిర్వహణలో డబ్బు పెట్టినవాళ్ల చెయ్యి లేకుండా నడిపే ఏర్పాటును పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ చట్టంలోని 11ఏఏ సెక్షన్ సామూహిక పెట్టుబడి పథకం అంటుంది. దానికి సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నెలనెలా ఇంత గ్యారంటీ అని డిపాజిట్ తీసుకుంటే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కూడా వర్తించవచ్చు. చెట్టు నెలనెలా ఒకే మొత్తం ఇవ్వదు. ఇస్తామంటే ఆ డబ్బు చెట్టుది కాదు.

గట్టు మీద ఎర్రచందనం గురించి బ్రోషరులో ఒక పేజీ మొత్తం ఉంది, ఇక్కడ నాలుగు మాటలు చాలు. వెలిగొండల్లో సహజంగా పెరిగే చెట్టే కాబట్టి బతుకుతుంది. కానీ చేవ పట్టడానికి ఇరవై ఏళ్లకు పైనే కావాలి, నీళ్లు ఎక్కువైతే చెట్టు లావవుతుంది గానీ చేవ తగ్గుతుంది. నరకడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతులు కావాలి. అంతర్జాతీయ వ్యాపారం అరుదైన జీవజాతుల వ్యాపారానికి సంబంధించిన సైట్స్ ఒప్పందం రెండో అనుబంధం కింద నియంత్రణలో ఉంది. పెట్టుబడి లెక్కలో దాన్ని సున్నాగా వేసుకోండి. వేస్తే పడమటి గట్టున వేయించండి. తూర్పున, దక్షిణాన వేస్తే నిమ్మ మీద నీడ.

నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే ఈ ప్యాకేజీ ఒక్కటే దారి కాదు. నెల్లూరులో, ప్రకాశం జిల్లా దర్శిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వెంకటగిరి దగ్గర పెట్లూరులో ఉద్యాన విశ్వవిద్యాలయపు నిమ్మజాతి పరిశోధన స్థానం ఉంది. పండు ఆకు, ఎండిన కొమ్మ పట్టుకుని వెళ్తే కారణం చెప్పేవాళ్లు అక్కడున్నారు. ఆకు తీసుకెళ్లేటప్పుడు చెట్టు మొదలు ఫొటో, మట్టి పరీక్ష కాగితం కూడా తీసుకెళ్లండి, ఆకు ఒక్కటే చూసి జింకు లోపమో వేరుకుళ్లో తేల్చడం కష్టం.

వ్యవసాయ, ఉద్యాన, పశు, మత్స్య డిగ్రీ లేదా డిప్లొమా ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే ఇంకో మార్గం ఉంది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ద్వారా 2002 నుంచి నడుస్తున్న అగ్రి క్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకంలో 45 రోజుల ఉచిత వసతి శిక్షణ ఉంటుంది. ఆ తర్వాత ఒక్కరు పెట్టే కేంద్రానికి 20 లక్షల ప్రాజెక్టు వరకు బ్యాంకు రుణం మీద 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం సబ్సిడీ. సబ్సిడీ చేతికి రాదు, రుణ ఖాతా వెనక జమగా ఉండి చివర సర్దుబాటు అవుతుంది, కాబట్టి మొదటి రెండేళ్ల వాయిదాలకు సొంత ఏర్పాటు చూసుకోవాలి. ఈ ప్రాంతంలో లోటుగా ఉన్నది ఇంకో ఎకరం నిమ్మ కాదు. ఊళ్లో లేనివాళ్ల తోటల్లో వేళకు కత్తిరింపు, పేస్టు, వేసవి కాపు పని చేసి, ఏం చేశారో ఫొటోతో లెక్క చూపించే సేవ లోటుగా ఉంది. స్ప్రేయర్లు, కత్తెరలు, ఒక ట్రాలీ ఆటో, నలుగురు నేర్పరి కూలీలతో మొదలుపెట్టవచ్చు.

కాయ గ్రేడింగు, నిల్వ వైపు పెద్ద పెట్టుబడి పెట్టదలచినవాళ్లు 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక వసతుల నిధిని చూడవచ్చు. 2 కోట్ల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 7 ఏళ్లు. నిల్వ గది కట్టేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: మిర్చి పెట్టే చలి నిమ్మకు పనికిరాదు, తొక్క మీద గుంటలు పడి గోధుమ రంగుకు మారుతుంది. నిమ్మకు 9, 10 డిగ్రీలు కావాలి, గాలిలో తేమ బాగా ఉండాలి. అంటే మిర్చితో కలిపి ఒకే గదిలో నడపలేరు.

ఈ ప్యాకేజీనే కొంటామనేవాళ్లు రెండుసార్లు వెళ్లండి. మే నెలాఖరులో బకెటూ గడియారమూ తీసుకుని బోరు దగ్గరకు. నవంబరులో పెద్దవాన పడిన మర్నాడు తోటలోకి, పాదుల్లో నీళ్లు ఎంతసేపు నిలుస్తున్నాయో, పూత మిగిలిందో రాలిందో చూడటానికి. కంపెనీ ఇదివరకు వేసిన, ఐదేళ్లు దాటిన తోట ఏదైనా ఉంటే గత మార్చి నుంచి మే దాకా యార్డులో అమ్మిన బిల్లులు అడగండి. అవి చూపించలేకపోతే మిగతా కాగితాలు చదవాల్సిన పని లేదు.